మీదే ఊరు

మా మామ్మ ఈ దేశానికి వచ్చాక మొట్టమొదట అడిగింది మంచినీళ్ళు. ఎవరికీ అర్థం కాలేదు.

1965 వేసవి. విశాఖపట్నం రేవులో ఓడ దిగి, రెండు రోజులు శిబిరంలో ఉండి, రాత్రి బండెక్కి, తెల్లారేసరికి తండ్రితో పాటు పూండి స్టేషన్లో దిగింది. అప్పటికి పందొమ్మిదేళ్ళు. ఓడలో పట్టుకున్న వాంతులు ఇంకా తగ్గలేదు. మేనత్త ఇంటి అరుగు మీద కూలబడి, కళ్ళు మూసుకునే "యే... యే..." అంది.

బర్మా భాషలో యే అంటే నీళ్ళు. మన భాషలో ఏ అంటే ప్రశ్న. చూడ్డానికి మూగిన ఆడవాళ్ళు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు.

"ఏటే? ఏటడుగుతన్నాది?"

"ఇది ఏ ఊరని అడుగుతన్నాది కావాల."

"పూండమ్మా, ఇది పూండి. మరి నీదే ఊరు?"

ఆ ప్రశ్న ఆవిణ్ణి నలభై మూడేళ్ళ పాటు వదల్లేదు.

మా ఉద్దానం వైపు రంగూన్‌ని రంగం అంటారు. కళింగపట్నంలోనో బారువలోనో ఓడెక్కి బంగాళాఖాతం దాటితే రంగం. ఊళ్ళో పంట పోయినా, అప్పు పెరిగినా, అన్నదమ్ములతో చెడినా మగవాళ్ళు పోయేది అక్కడికే. 1931 జనాభా లెక్కలు తీస్తే రంగూన్ నగరంలో సగానికి పైగా భారతీయులే. రేవులో బస్తాలు మోసినవాళ్ళలో, బియ్యం మిల్లుల్లో ఊక మింగినవాళ్ళలో మన తెలుగువాళ్ళు వేలమంది. బర్మావాళ్ళు మనల్ని కోరంగీలు అనేవారు. కాకినాడ దగ్గరి కోరంగి రేవు నుంచి వెళ్ళినవాళ్ళకి పెట్టిన పేరు, ఉద్దానం నుంచి వెళ్ళినవాళ్ళకి కూడా అంటుకుంది. అది మర్యాదగా పిలిచే పేరు కాదు. బళ్ళో తోటిపిల్లలు తనని ఆ మాటతోనే ఏడిపించేవారని మామ్మ చెప్పేది.

మామ్మ పుట్టింది రంగూన్లో. చదివింది బర్మా బళ్ళో. ఇంట్లో తెలుగు, వీధిలో బర్మా భాష. బళ్ళో వాళ్ళు పెట్టిన బర్మా పేరు ఒకటి ఉండేది, ఇంట్లో పిలిచే పేరు ఇంకొకటి. వాళ్ళ నాన్నకి చిల్లర కొట్టు. 1962 మార్చిలో సైన్యం గద్దెనెక్కింది. 1964లో కొట్లన్నీ ప్రభుత్వపరం అయిపోయాయి. అదే ఏడాది మే నెలలో 50, 100 చాట్ల నోట్లు చెల్లవన్నారు. ఇరవై ఏళ్ళుగా పెట్టెలో దాచుకున్నదంతా ఒక్క పూటలో చిత్తు కాగితాలైంది. అప్పటికే వాళ్ళమ్మ పోయింది. ఇక ఉండలేక తండ్రీకూతుళ్ళు ఓడెక్కారు.

ఓడెక్కే ముందు సోదా చేశారు. మెడలో గొలుసు తీయమన్నారు, చెవి కమ్మలు తీయమన్నారు. రేకుపెట్టెలో బట్టల అడుగున జానెడు కర్రముక్క దొరికితే ఆ సోదా చేసే మనిషి వాసన చూసి, మళ్ళీ పెట్టెలో పడేశాడట. అది తనఖా చెక్క. రాతిపలక మీద నీళ్ళు చిలకరించి గంధంలా అరగదీసి, ఆ లేత పసుప్పచ్చ ముద్దని అక్కడి ఆడవాళ్ళు బుగ్గలకి రాసుకుంటారు. ఎండకి మొహం చల్లగా ఉంటుంది. అలా మామ్మకి బర్మా నుంచి మిగిలింది ఆ చెక్కా, తండ్రి చొక్కా జేబులో ఒక కాగితమూ. కాగితం మీద వాళ్ళిద్దరి పేర్లూ, వాళ్ళు బర్మా నుంచి వచ్చిన కాందిశీకులన్న మాటా ఉన్నాయి. ఆవిడ ఎక్కడి మనిషో చెప్పడానికి ఈ భూమ్మీద ఉన్న రుజువు అదొక్కటే.

ఇక్కడికొచ్చాక మేనత్త ఆ చెక్కని తిప్పి తిప్పి చూసి "ఇదేటే?" అంటే, "తనఖా" అంది మామ్మ. "అయ్యో నా తల్లీ, ఇంకా ఏటేటి తనఖా పెట్టేసి వచ్చినారే మీరు!" అని ఆవిడ గొల్లుమంది. నవ్వుతూ చెప్పేది మామ్మ ఆ ముచ్చట. చెప్పి చెప్పి, చివర్లో నవ్వడం ఆపేసేది. మేనత్త అడిగింది తప్పేం కాదు మరి.

రెండు నెలల్లో మేనత్త కొడుకుతోనే పెళ్ళి చేశారు. మా తాతకి అర ఎకరం జీడితోట, పాతిక కొబ్బరిచెట్లు, పెరట్లో రెండు పనసచెట్లు. ఉద్యానం అన్న మాటే ఉద్దానం అయిందంటారు, నాకు నిజమనే అనిపిస్తుంది. ఆ చెట్ల నీడలోకి వచ్చినవాళ్ళు ఎవరైనా ఇక్కడే ఉండిపోవాలనుకుంటారు. మామ్మా అలాగే అనుకుంది. కాకపోతే ఉండడం వేరు, ఆ ఊరి మనిషి కావడం వేరు.

లుంగీ మానేసి చీర కట్టడం వారంలో నేర్చుకుంది. పొద్దున్నే తరవాణి తాగడం నెలలో అలవాటైంది. చోడి అంబలికి ఇంకొంచెం పట్టింది. తెలుగే కష్టమైంది, అసలు వచ్చిన భాష కాబట్టి. రంగూన్లో తండ్రి దగ్గరా, నాయనమ్మ దగ్గరా విని నేర్చుకున్న తెలుగు అది. సముద్రం దాటి వెళ్ళిన రోజున ఉద్దానంలో ఎలా మాట్లాడేవారో అలాగే నిలిచిపోయిన తెలుగు. మధ్యమధ్య బర్మా మాటలు దొర్లేవి. అన్నం అనబోయి తమిన్ అనేది. నూతి దగ్గర ఆడవాళ్ళు చేద దించడం ఆపి మరీ నవ్వేవారు. "రంగం గుంట మాట్లాడతన్నాది, రండర్రా" అని పిల్లల్ని పిలిచేవారు. ద్వేషం ఏమీ లేదు వాళ్ళకి. కష్టం వస్తే గిన్నెడు గంజి పట్టుకొచ్చేది కూడా వాళ్ళే. కానీ ఆ నవ్వు విన్న రాత్రి మామ్మ ఒక్కో మాటనీ నోట్లో వేసుకుని నమిలేదట. "వస్తున్నాను" కాదు, "వస్తన్నాను." "ఎవరు" కాదు, "ఎవులు." అలా ఒక్కో పలుకూ తుడుచుకుని, మళ్ళీ రాసుకుంది.

ఒకనాడు నూతి దగ్గర ఏడుస్తుంటే అత్త వచ్చి పక్కన కూర్చుంది. నిండు బిందెలోంచి దోసిలితో నీళ్ళు తీసి మొహం కడిగింది. "ఏడవకే. నువ్వు రంగం గుంటవని ఎవులన్నారు? మా నూతి నీల్లు పన్నెండేల్లు తాగినావనుకో, నీ ఒంట్లో నెత్తురు కూడా ఈ ఊరిదైపోద్ది" అంది.

అత్త ఓదార్పుకి అంది. మామ్మ లెక్క పెట్టుకుంది.

ఆ పన్నెండేళ్ళలో ఆవిడ చెయ్యని పని లేదు. వేసవిలో తోటలో పిక్కలేరేది. తర్వాత పలాస, కాశీబుగ్గ వైపు జీడిబట్టీల్లో పనికి పోయేది. పలాస జీడిపప్పు అంటే తెల్లగా, నున్నగా డబ్బాలో మెరిసేది అందరికీ తెలుసు. కాల్చిన పిక్క కొట్టేటప్పుడు చిందే జీడి, అంటుకున్న చోటల్లా చర్మాన్ని తినేస్తుందని కొట్టినవాళ్ళకే తెలుసు. చేతులకి బూడిద రాసుకుని కూర్చునేవారు. అయినా మామ్మ వేళ్ళ చివరలు నల్లబడి, బొబ్బలెక్కి, గీతలు అరిగిపోయాయి. మొదట్లో సాయంత్రం ఇంటికొచ్చి, ఆ వేళ్ళ మీద తనఖా అరగదీసి రాసుకునేదట, మొహానికి కాదు. మొహానికి రాసుకుంటే మళ్ళీ రంగం గుంట అంటారు. చెక్క అరిగి అరిగి చివరికి గోరంత అయింది. ఆ గోరంత ముక్కని మా నాన్న పుట్టిన రోజున నూరి, పసివాడి బుగ్గ మీద చుక్క పెట్టింది. అంతటితో అయిపోయింది.

ఒక్కటి మాత్రం వదులుకోలేకపోయింది. మొహింగా. చేపల పులుసులో అరటి దవ్వ వేసి, సన్నటి బియ్యప్పిండి సేమియా మీద పోసుకునే రంగూన్ పొద్దుటి పలహారం. మా తీరంలో చేపలకి లోటు లేదు, పెరట్లో అరటికి లోటు లేదు. ఎవరూ లేని పూట చూసి ఒకసారి వండింది. మా తాత వాసన పట్టి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. ఆవిడ భయపడి గిన్నె మీద మూత పెట్టేసింది. తాత ఏమీ అనకుండా కంచం తెచ్చుకుని కూర్చున్నాడు. రెండోసారి పెట్టించుకున్నాడు. మూతి తుడుచుకుని "మా అమ్మకి సెప్పకు, మల్లీ వండు" అన్నాడు. తన పెళ్ళి అసలు జరిగింది ఆ రోజేనని మామ్మ అనేది.

1969లో నక్సలైటు ఉద్యమంతో ఉద్దానం అట్టుడికిపోయింది. బొడ్డపాడు పేరు దేశమంతా వినపడింది. తోటల్లోకి పోలీసులు వచ్చారు. కనిపించిన ప్రతి మనిషినీ వాళ్ళు అడిగే మొదటి మాట "ఏ ఊరు?" జీడిచెట్ల కింద ఉన్న మామ్మనీ అడిగారు. చంకలో మా నాన్న. "పూండి బాబూ" అంది. నమ్మలేదు. గట్టిగా అడిగారు. మళ్ళీ పూండే అంది. పక్కచెట్టు కింద ఉన్న పొరుగావిడ పరుగెత్తుకొచ్చి, "ఈవిడిక్కడిది కాదు బాబూ, రంగం నించి వచ్చినాది, ఈవిడికేటీ తెల్దు" అని అడ్డం పడింది. వదిలేశారు.

ఆ పొరుగావిడ చేసింది మేలు. ఆ మేలుకి ఆవిడ బతికున్నన్నాళ్ళూ ఏటా మా పెరటి పనసకాయల్లో మొదటిది వాళ్ళింటికే వెళ్ళింది. కానీ మామ్మ ఆ సంగతి చెప్పినప్పుడల్లా ఒక్క మాట దగ్గర ఆగేది. "నాను పూండంటే నమ్మనేదురా. ఆవిడ కాదంటే నమ్మినారు."

పన్నెండేళ్ళూ నిండాయి. 1977 వేసవిలో ఒక రోజు నూతి దగ్గర అత్తకి ఆ మాట గుర్తు చేసిందట. ముసలావిడ బోసినోటితో నవ్వి, తల మీద చెయ్యి వేసి "అయితే నువ్వు మా ఊరిదానివే" అంది. ఆ ఏడు కోటబొమ్మాళి కొత్తమ్మతల్లి జాతరకి కొత్త చీర కట్టుకుని వెళ్ళింది మామ్మ. జనంలో ఎవరో బంధువులావిడ మామ్మని పక్కావిడకి చూపిస్తూ "ఈవిడేనే, రంగం కోడలు" అంది.

గుంట కోడలైంది, కోడలు అప్పయింది, అప్ప మామ్మయింది. ముందున్న రంగం మాత్రం కదల్లేదు. నా చిన్నప్పటికి ఆవిడ ఊరందరికీ రంగం మామ్మ.

అందులో నా తప్పూ ఉంది. ఐదో తరగతిలో మాస్టారు ఒక్కొక్కరినీ లేపి ఎవరెవరి పెద్దలు ఎక్కడివాళ్ళో చెప్పమన్నారు. నేను ఛాతీ విరుచుకుని "మా మామ్మది రంగూన్ అండీ" అన్నాను. పిల్లలంతా నోళ్ళు తెరిచి చూశారు. ఇంటికి పరుగెత్తి మామ్మకి చెప్పాను, మెచ్చుకుంటుందని. ఆవిడ పొయ్యిలో కొబ్బరిమట్ట ఎగదోస్తూ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "రేపటేల మీ మాస్టారికి మామ్మది పూండని సెప్పురా" అంది. నేను చెప్పలేదు. రంగూన్ అన్నప్పుడు వచ్చిన గొప్ప, పూండి అంటే రాదు కదా అనుకున్నాను. ఆ రోజు ఎందుకు చెప్పలేదా అని ఇప్పటికీ బాధపడతాను.

2008లో మామ్మ కాళ్ళు పొంగాయి. అన్నం సయించడం మానేసింది. బట్టీ పని మానేసి చాలా ఏళ్ళయింది, వయసు మీద పడింది, అంతే అనుకున్నాం. పలాసలో చూసిన డాక్టరు రక్తపరీక్ష చేయించి, ఒక ఉత్తరం రాసిచ్చి విశాఖ పొమ్మన్నాడు. ఇప్పుడు పలాసలోనే 200 పడకలతో కిడ్నీ ఆసుపత్రి ఉంది, 2023 డిసెంబర్‌లో మొదలైంది. ఆనాడు మా వాళ్ళందరికీ విశాఖే దిక్కు. నాకు ఇరవయ్యేళ్ళు. మామ్మని నేనే తీసుకెళ్ళాను.

పెద్దాసుపత్రిలో పొద్దుట ఆరింటికి వరసలో నిలబడితే మధ్యాహ్నానికి మా వంతు వచ్చింది. డాక్టరు చిన్నవాడే, ముప్పై దాటి ఉండవు. మామ్మ మొహం వైపు చూడలేదు, మేం ఇచ్చిన కాగితాలు ముందేసుకున్నాడు. షుగర్ లేదు. బీపీ లేదు. మూత్రంలో ప్రొటీను పెద్దగా పోవడం లేదు. క్రియాటినిన్ మాత్రం 7.2. ఒకటి దగ్గర ఉండాల్సిన అంకె.

ఆ కాగితం మీంచి తల ఎత్తకుండానే అన్నాడు. "ఉద్దానం మనిషే కదా?"

నేను తెల్లబోయాను. "మీకెలా తెలుసండీ?"

"దీన్ని చూస్తే తెలిసిపోతుంది. పలాస వైపా, కవిటి వైపా?"

అప్పుడు నాకు తెలియలేదు గాని తర్వాత తెలుసుకున్నాను. మిగతా చోట్ల కిడ్నీ చెడితే వెనక షుగరో, బీపీయో కనిపిస్తుంది. మా కొబ్బరితోటల కింద మనుషులకి అవేవీ లేకుండానే చడీచప్పుడు లేకుండా చెడిపోతాయి. తొంభైల నుంచీ డాక్టర్లు చూస్తూనే ఉన్నారు. నీళ్ళు పట్టుకెళ్ళారు, మట్టి పట్టుకెళ్ళారు, మా రక్తం పట్టుకెళ్ళారు. నీళ్ళలో సిలికా అన్నారు, పురుగుమందులన్నారు, ఎండలో దాహం చంపుకుని చేసే కూలిపని అన్నారు, ఒళ్ళు నొప్పులకి మింగే మాత్రలన్నారు. ఇదీ కారణం అని మాత్రం ఇంతవరకూ తేల్చి చెప్పలేదు. మా వీధిలో ఏ ఇంటి ముందు నిలబడినా ఆ జబ్బుతో పోయినవాళ్ళ ఫోటో ఒకటి గోడ మీద ఉంటుంది.

మామ్మ కుర్చీలో ముందుకి జరిగింది. "మాది పూండి బాబూ" అంది.

"ఊఁ. పుట్టి పెరిగింది అక్కడేగా?"

నేను నోరు తెరిచాను. ఐదో తరగతిలో తెరిచినట్టే. మామ్మ చెయ్యి నా మణికట్టు మీద పడింది. జీడి తిన్న వేళ్ళు, గరుగ్గా.

"అవును బాబూ. అక్కడే."

ఆయన మారుమాట అడగలేదు. పక్కన ఎవరూ కాదనలేదు. చీటీ మీద రాసుకుపోయాడు. వారానికి రెండుసార్లు డయాలసిస్ అన్నాడు. ఉప్పు తగ్గించమన్నాడు. నీళ్ళు కొలిచి తాగమన్నాడు. నేను అన్నిటికీ తల ఊపుతున్నాను. ఏదీ బుర్రలోకి వెళ్ళడం లేదు.

బయట మెట్ల మీద కూర్చున్నాక మామ్మ ఆ చీటీ అడిగి తీసుకుంది. ఆవిడకి బర్మా అక్షరాలు వచ్చు, తెలుగు అక్షరాలు రావు, ఇంగ్లీషు అసలే రాదు. వేలితో పై వరస చూపించి "ఈడ ఏటి రాసినాడు?" అంది.

"నీ పేరు."

"దాని పక్కన?"

"పూండి, ఉద్దానం అని రాశాడు."

"ఇంకో పాలి సదువు."

చదివాను. నా గొంతు పట్టేసింది. ఆవిడ చీటీని నాలుగు మడతలు పెట్టి కొంగు చివర ముడేసుకుంది.

సాయంత్రం పలాస పాసింజరు ఎక్కాం. మామ్మకి కిటికీ పక్క సీటు దొరికింది. దాహంగా ఉందంటే సీసా మూతతో రెండు మూతలు కొలిచి ఇచ్చాను. బయట పొద్దు వాలుతోంది. ఎదుటి సీట్లో ఒకావిడ, ఒళ్ళో మనవణ్ణి పడుకోబెట్టుకుని, మామ్మ ఉబ్బిన కాళ్ళనీ మొహాన్నీ జాలిగా చూసి పలకరించింది.

"ఏ ఊరమ్మా మీది?"

మామ్మ నా వైపు చూడలేదు. కొంగు ముడి విప్పి, చీటీ మడతలు ఒక్కొక్కటే తీసి, ఒళ్ళో సాపు చేసి, ఆవిడ ముందుకి చాపింది.

"పూండమ్మా. ఇదిగో, డాక్టరు రాసిచ్చినాడు."